మట్టి పట్టుకున్న పాదాలు

ఓబులేసు దిగేటప్పుడు ఒక అడుగు వేసేవాడు. కుడికాలు, ముందుకు, జానెడుకు మించి ఉండేది కాదు. చూసేవాళ్ళలో సగం మందికి అది కనిపించేది కూడా కాదు. గాలిలో అతను కొట్టిన పల్టీలకు వాళ్ళు అప్పటికే చప్పట్లు మొదలుపెట్టి ఉండేవారు. బల్ల వెనుక కూర్చున్న జడ్జీలు మాత్రం దానికి మార్కులు కోయడానికే కాచుకొని ఉండేవారు. మా తమ్ముడు వరుసగా నాలుగేళ్ళు జిమ్నాస్టిక్స్‌లో రాష్ట్ర చాంపియన్. రింగులు పట్టుకొని రెండు చేతులూ శిలువలాగ చాచి నిలిస్తే గోడకు కొట్టిన మేకులాగ కదిలేవాడు కాదు. అంతటివాడికి భారత జట్టులో చోటు ఆ ఒక్క అడుగు దగ్గర పోయింది. ఆ అడుగు ఎందుకు పడేదో ఎవరికీ అంతుపట్టలేదని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చినాను. పోయిన నెల అంతుపట్టింది. దానికి కావలసినదంతా నా చేతిరాతలోనే, నా బీరువాలోనే ఉండిందని ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి నాకు నామీద పట్టరాని కోపంగా ఉంది. డెబ్బై దాటినవాడికి ఇంత కోపం మంచిది కాదని డాక్టరు అంటాడు. ఆయన నా డైరీలు చదవలేదు.

బళ్ళారి కంటోన్మెంట్ వైపు ఒక వ్యాయామశాలలో పిల్లల పోటీలు పెట్టి, బహుమతులు ఇవ్వడానికి ఓబులేసును పిలిచినారు. అతనికి మోకాలు వాచింది. "నువ్వు పో అన్నా. నేను గెల్చిన కప్పులు నాకంటే నీకే బాగా గుర్తు" అని నన్ను పంపినాడు. పోయినాను. అక్కడ ఒక మూల పెద్ద గుంట, దాని నిండా నీలం రంగు స్పాంజి దిమ్మెలు. పిల్లలు బారు మీదనుంచి ఎగిరి అందులో పడుతున్నారు. పక్కన నిలబడిన కోచ్ ముప్పై ఏళ్ళు కూడా లేని అమ్మాయి. "ఎంత ఏర్పాటమ్మా! మా తమ్ముడికి ఇవన్నీ యాడుండె. కుస్తీల గరిడీ మట్టిలోనే దిగేవాడు" అన్నాను. ఆమె నావైపు తిరిగింది. "మట్టి అంటే తవ్విన మట్టా సార్? పాదం దిగబడేదా?" "చీలమండ దాకా" అన్నాను గొప్పగా. "అయితే పోటీల్లో దిగేటప్పుడు సార్‌కి అడుగు పడేదేమో" అంది.

నేను ఆమెకు అడుగు సంగతి చెప్పలేదు. ఆ ఊసే ఎత్తలేదు. నా ముఖం చూసి ఆమె కొంచెం కంగారుపడి వివరించింది. "గుంటలో రోజూ దింపము సార్. కొత్త విద్య నేర్చుకునేటప్పుడు దెబ్బ తగలకుండా కొన్నాళ్ళు, అంతే. గుంట పాదాన్ని పట్టేస్తాది. ఒళ్ళు తనంతట తాను నిలబడడం నేర్చుకోదు. తర్వాత మ్యాట్ మీదకి వస్తే పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు కదా, అడుగు పడిపోతాది. ఇది మాకు మొదటి నెలలోనే చెప్తారు సార్."

మొదటి నెలలోనే. ఆ మాట మోసుకొని ఇంటికి వచ్చినాను. అన్నం తినలేదు. బీరువా తెరిచి కింది అరలోని పాత డైరీలు బయటికి తీసినాను.

ఈ డైరీల అలవాటు యశ్వంతనగర్‌లో పట్టుకుంది. మాది హచ్చొళ్ళి. కాలువ కింద వరి మళ్ళు. సండూరు కొండల్లో ఖనిజం తవ్వకాలు జోరందుకున్న మొదటి రోజుల్లో నాయన మళ్ళను చిన్నాయనకు వదిలి, ఒక పాత లారీ కొని, మమ్మల్ని అక్కడికి తెచ్చినాడు. గనుల్లో పేల్చే మందు అమ్మే వ్యాపారి ఒకాయన సంవత్సరానికి ఒకసారి లారీల వాళ్ళందరికీ డైరీలు పంచేవాడు. నాయనకు చదువు రాదు. డైరీ నాకిచ్చి, "ఊరికే పోనీయొద్దు. దినామూ ఏమన్నా రాయి" అన్నాడు. ఆయన చెప్పిన పనిని నేను ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. రాయమన్నాడు, రాసినాను. చదవమని చెప్పలేదు, చదవలేదు. నా జీవితంలోని పొరపాటంతా ఈ రెండు మాటల్లో ఉంది.

ఆ ఇంట్లో తెల్లారడం అంటే ముందు డీజిల్ వాసన. నాయన లారీకి నీళ్ళు కొట్టి, బానెట్టు మీద పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించి బయలుదేరేవాడు. తర్వాత పొయ్యి వాసన, జొన్నరొట్టె కాలే వాసన. అమ్మ ప్రతి పాత్రనూ వాడకముందు ఒకసారి, వాడినాక ఒకసారి కడిగేది, ఎందుకంటే రెండు పూటల మధ్యలో దానిమీద ఎర్రటి దుమ్ము పేరుకునేది. మా బట్టలు ఉతికిన నీళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. "ఈ ఊర్లో తెల్లగుడ్డ తెల్లగా ఉండాలంటే పెట్టెలోనే ఉండల్ల" అనేది అమ్మ. మజ్జిగ మీద మూత, నీళ్ళ మీద మూత, చివరికి దేవుడి పటం మీద కూడా ఒక గుడ్డ. ఆ ఊర్లో కప్పకుండా వదిలినది ఒక్కటే, గరిడీలోని మట్టి.

గరిడీ మా లారీ షెడ్డుకు ఆనుకొని ఉండేది. నాపరాళ్ళ గోడలు, రేకుల కప్పు, మధ్యలో కుస్తీలు పట్టే ఎర్రమట్టి గుంట, ఒక పక్కన ఎక్కి విద్యలు చేయడానికి పాతిన, నూనె పట్టి నల్లబడిన మల్లకంబం, గూట్లో సిందూరం పూసిన హనుమంతుడు. దాన్ని చూసుకునేది తిప్పన్న వస్తాదు. కన్నడమాయన, తెలుగు మాలాగే మాట్లాడేవాడు. లావుపాటి మనిషి, చెవులు కుస్తీల్లో నలిగి పూరీల్లాగ ఉబ్బి ఉండేవి. కోడి కూయకముందే వచ్చి, చెప్పులు వాకిట్లోనే వదిలి, పార తీసుకొని గుంటనంతా తవ్వేవాడు. పారకు ముందు ఒకసారి దండం, తర్వాత ఒకసారి దండం. వారానికొకసారి మట్టిలో నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ, నలగ్గొట్టిన వేపాకు కలిపేవాడు. ఆ వాసన నాకు ఈ రోజుకీ ముక్కులో ఉంది. పులుపు, పసుపు, ఇనుము కలిసిన వాసన. ఆయన లెక్కలో ఆ మట్టి నేల కాదు, తల్లి. ఆమె మీద తువ్వాలు పరిచి కూర్చున్నవాణ్ణి కూడా లేపి తరిమేవాడు. "తల్లి ఒళ్ళో కూర్చోవడానికి గుడ్డ కావల్లనేమప్పా నీకు?"

ఓబులేసు నాకంటే ఆరేళ్ళు చిన్న. నేను సాయంత్రాలు లెక్కలు చేసుకుంటుంటే వాడు గరిడీలో మల్లకంబం మీద తలకిందులుగా వేలాడేవాడు. కుస్తీకి పనికిరాడని వస్తాదు మొదట్లోనే తేల్చేసినాడు. "ఎముక సన్నం. కానీ నోడప్పా, వీనికి భూమి యాడుండాదో తలకిందులుగా ఉన్నా తెలుస్తాది" అన్నాడు. నాయనకు ఇది నచ్చలేదు. "తలకిందుల విద్య యాడికి పనికొస్తాది వస్తాదూ? సర్కస్‌కి అమ్ముకుందామా?" అన్నాడు. అమ్మ అయితే, "కోతి చేష్టలు. పెండ్లి సంబంధానికి వచ్చినోళ్ళు వీడు చెట్టు మీద ఉంటే ఏమని చూపియ్యాలి" అని నవ్వేది. నవ్వుతూనే రొట్టె మీద ఇంకొంచెం వెన్న పెట్టేది.

హైస్కూలు పోటీలకు బళ్ళారి తీసుకుపోయినప్పుడు కంటోన్మెంట్‌లో ఒక స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు, బెంజమిన్ సారు, వాణ్ణి చూసినాడు. చిన్న మనిషి, ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు, మెడలో విజిల్. వాణ్ణి పారలల్ బార్ల మీదికి ఎక్కించి, ఒకసారి చుట్టూ తిరిగి చూసి, "ఎవరు నేర్పినారు?" అన్నాడు. "కంబం సార్" అన్నాడు ఓబులేసు. అప్పటినుంచి ఆదివారాలు ఖాళీ లారీల్లో బళ్ళారి పోయి సారు దగ్గర నేర్చుకునేవాడు. మిగతా ఆరు రోజులు గరిడీలోనే. లారీ బాడీలు కట్టే వడ్రంగి టేకుకర్రతో బార్లు చేసిపెట్టినాడు. ఇంజన్లు పైకెత్తే ముక్కాలి స్టాండుకు చైను తీసేసి రింగులు కట్టినాము. వస్తాదు దేనికీ అడ్డు చెప్పలేదు. బార్లు పాతితే కంబం పాతినట్టే అన్నాడు, రింగులకు తానే కొబ్బరికాయ కొట్టినాడు. బార్లూ రింగులూ గుంటలోనే, దిగడం తవ్విన మట్టిలోనే. ఎంత ఎత్తునుంచి తిరిగి దిగినా వాడి పాదాలు చీలమండ దాకా మట్టిలో దిగి, పాతిన గుంజల్లాగ నిలబడిపోయేవి. గోడ మీద కూర్చొని చూసే లారీ డ్రైవర్లు "నాటినాడప్పా!" అని అరిచేవారు.

ఇప్పుడు చాపల సంగతి. డైరీలో ఆ పేజీని ఈ నెలలో ఎన్నిసార్లు చదివినానో లెక్కలేదు.

బెంజమిన్ సారు ఒక ఆదివారం నన్ను పక్కకు పిలిచినాడు. స్కూల్లో పాతబడిన కొబ్బరినార చాపలు రెండు, నాలుగు వేళ్ళ మందం, కాన్వాసు కుట్టినవి, నాకు అప్పజెప్పినాడు. "రంగప్పా, వాడు రోజూ దీని మీదే దిగల్ల. మట్టిలో వద్దు. మర్చిపోవద్దు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. దెబ్బలు తగలకుండా అనుకున్నాను. రెండింటినీ చుట్టి, ఖాళీ లారీ వెనుక వేసుకొని, మీద నేను కూర్చొని తెచ్చినాను. సాయంత్రం గుంటలో పరిచినాను. వస్తాదు వచ్చి చూసినాడు. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడినాడు.

"ఏందప్పా ఇది?"

"చాపలు వస్తాదూ. సారు ఇచ్చినాడు. ఓబులేసు దిగడానికి."

"తల్లి మీద గోనె కప్పినావా?"

"కప్పడం కాదు వస్తాదూ. దిగేటప్పుడు మాత్రం, మళ్ళీ తీసేస్తాము."

"శవం మీద కప్పుతారు రంగప్పా. బతికుండే తల్లి మీద కాదు." ఆయన గొంతు పెంచలేదు. అదే కష్టంగా ఉండింది. "నేను పొద్దున్నే ఎందుకు తవ్వుతాండా? బిడ్డ కాలికి మెత్తగా ఉండల్లనే కదా. ఈ గోనె మట్టికంటే మెత్తనా? నువ్వు చదువుకున్నోనివి. నువ్వే చెప్పు."

చదువుకున్నోణ్ణి కనుక నేను పరీక్ష పెట్టినాను. ఎవరూ అడగకపోయినా నేను ఏదైనా కొలవకుండా వదలను, అది నా గుణం. గోడ మీదనుంచి చాప మీదికి పదిసార్లు, మట్టిలోకి పదిసార్లు దూకినాను. ఓబులేసు నవ్వుతూ లెక్కపెట్టినాడు. చాప మీద దూకితే అరికాళ్ళు చురుక్కుమన్నాయి, మోకాళ్ళు అదిరినాయి, రెండు మూడుసార్లు ముందుకు తూలినాను. మట్టిలో ఏమీ లేదు, హాయిగా దిగబడి నిలబడినాను. లారీ కడుక్కుంటున్న నాయన అక్కడినుంచే తీర్పు చెప్పినాడు. "గట్టిదాని కోసం మెత్తది వదులుతారా ఎవురైనా? సారు ఊర్లో మట్టి లేదు, అందుకే గోనె మీద దూకుతాండారు. మనకేం కర్మ?" ఆ రాత్రి నేను ఇలా రాసినాను: "చాపలను పరీక్షించినాను. గట్టిగా ఉన్నాయి. ముందుకు తూలుతుంది. మట్టి మేలు. వస్తాదు చెప్పినదే సరి."

ముందుకు తూలుతుంది. నేనే రాసినాను. ఆ తూలడం పోగొట్టడానికే సారు చాపలిచ్చినాడు. జవాబు రాసిపెట్టుకొని ప్రశ్న మరిచిపోయినవాణ్ణి నేను తప్ప ఇంకొకణ్ణి చూపించండి. సారు అడిగితే, "దిగుతాండాడు సార్" అని చెప్పినాను. అబద్ధం కాదు, దిగుతూనే ఉన్నాడు. చాపలను నాయన లారీ కింద పరిచి, దానిమీద వెల్లకిలా పడుకొని నట్లు బిగించుకునేవాడు. వాటి మీద ఆయిలు మరకలు పడ్డాయి. వేసవిలో అమ్మ వాటి మీద మిరపకాయలు ఎండబోసింది.

తర్వాత ఓబులేసు గెలవడం మొదలుపెట్టినాడు. జిల్లా, తర్వాత రాష్ట్రం. మైసూరులో, బెంగుళూరులో, ఎక్కడ పోటీ జరిగినా నేను సెలవు పెట్టి వెంట పోయేవాణ్ణి. అప్పటికి నాకు సర్వే శాఖలో ఉద్యోగం వచ్చింది. పోటీ ముగియగానే బెంచీ మీద కూర్చొని రాసేవాణ్ణి. ఇప్పుడు చదివితే ఒక్కో పేజీ చివర ఒకటే వాక్యం. "రింగులు అద్భుతం. దిగేటప్పుడు ఒక అడుగు." "బార్లు బాగా చేసినాడు. మొదటి స్థానం. దిగేటప్పుడు ఒక అడుగు." రాష్ట్రంలో అతనికి ఎవరూ సమీపంలోకి వచ్చేవారు కాదు కాబట్టి అడుగు పడినా గెలిచేవాడు. గెలిచినంత కాలం అడుగును ఎవరు లెక్కపెడతారు? మొదటిసారి చాంపియన్ అయి వచ్చినప్పుడు నాయన వాణ్ణి లారీ క్యాబిన్ మీద నిలబెట్టి సండూరు దాకా ఊరేగించినాడు. తలకిందుల విద్య యాడికి పనికొస్తాదని అడిగిన మనిషే దారిలో ప్రతి టీ అంగడి ముందూ హారన్ కొట్టినాడు. పూలదండలన్నీ ఎర్రబడినాయి. వస్తాదు గుంటలోనుంచి చిటికెడు మట్టి తీసి వాడి నొసట పెట్టినాడు.

జాతీయ పోటీలకు పోయినప్పుడు మాత్రం అడుగు కనబడసాగింది. అక్కడివాళ్ళు దిగితే శిలల్లాగ నిలిచేవారు. సారు అప్పటికే బదిలీ మీద దూరం పోయినాడు. మేమే దానికి మందులు వెతికినాము. అమ్మ కుడికాలికి నల్లదారం కట్టి దిష్టి తీసింది. వస్తాదు ఆ కాలికి గంటసేపు నూనె మర్దన చేసేవాడు. అయినా పోలేదు. చివరికి ఆయన గుంట దగ్గర కూర్చొని మట్టిని చేత్తో పిసికి చూసి, "తల్లి గట్టిపడింది. బిడ్డకు సరిగ్గా నాటుకోవడం అలవాటు తప్పుతాంది. ఇంకా లోతు తవ్వల్ల" అన్నాడు. తవ్వినాము. ఆయనొక పార, నేనొక పార. ఓబులేసు ఓడిపోయి వచ్చినప్పుడల్లా మేము ఇంకొంచెం లోతు తవ్వినాము. పిక్కల దాకా దిగబడి, కదలకుండా నిలిచి, "ఇప్పుడు పోయింది కదన్నా అడుగు?" అని అడిగేవాడు. "పోయింది" అనేవాణ్ణి. ఆ తవ్వకం గురించి కూడా డైరీలో ఉంది. నా చేతికి బొబ్బలు వచ్చినాయని రాసుకున్నాను.

భారత జట్టు ఎంపిక ఉత్తరాదిలో ఒక ఊరిలో, నడి చలికాలంలో జరిగింది. అమ్మ కట్టి ఇచ్చిన ఎండు జొన్నరొట్టెలు, గురెళ్ళ పొడి తింటూ రైల్లో రెండు రోజులు పోయినాము. ఆఖరి అంశం పారలల్ బార్లు. దానికి ముందు వాడు చేతులకు సున్నం లాంటి పొడి రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చినాడు. "అన్నా, ఇంకొక్కటే. ఈసారి ఈ కాలు కదిలితే నరికేస్తా దీన్ని" అని నవ్వినాడు. బార్ల మీద వాడు ఆ రోజు చేసినట్టు నేను మళ్ళీ ఎవరినీ చూడలేదు. చేతుల మీద నిలబడినప్పుడు కాలి బొటనవేళ్ళు కూడా వణకలేదు. గాలిలో తిరిగినాడు, దిగినాడు, నిలిచినాడు. నిలిచినాడనే అనుకున్నాను. ఊపిరి వదలబోతుండగా కుడికాలు ముందుకు వచ్చింది. ఓబులేసు చేతులు పైకెత్తలేదు. తల వంచి ఆ పాదాన్ని చూసినాడు. బస్సులో పరాయివాడి కాలు తన కాలి మీద పడితే చూస్తామే, అలా.

వాణ్ణి రిజర్వుగా రాసుకున్నారు. జట్టు విదేశానికి పోయింది, రిజర్వు ఇంట్లో ఉండిపోయినాడు. తిరుగు ప్రయాణంలో స్టేషన్ బెంచీ మీద కూర్చొని, బూటు విప్పి, ఆ బూటుతోనే కుడిపాదం మీద టపటపా కొట్టుకున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "వదులన్నా. తప్పు దీనిది. మీరందరూ చేయాల్సింది చేసినారు. తప్పంతా దీనిదే" అన్నాడు. ఆ రోజు డైరీ: "ఓబులేసు రిజర్వు. దిగేటప్పుడు ఒక అడుగు. చలి ఎక్కువ." చలి ఎక్కువట. ఆ పేజీ చూస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత వాడు ఇంకొన్నేళ్ళు ఆడినాడు, మోకాలు పోయింది, ఆట కోటాలో ఉద్యోగం వచ్చింది, పెండ్లి, పిల్లలు. పేరుంది, గౌరవముంది. కానీ ఎవరైనా పాత ఆట గురించి అడిగితే కుడికాలిని చూపించి, "ఇదీ నా శత్రువు" అంటాడు. అందరూ నవ్వుతారు. వాడు నవ్వడు. వయసు మళ్ళి ఆ కాలే ముందు కుంటడం మొదలుపెట్టినప్పుడు, "కావాల్సిందే దీనికి" అన్నాడు.

నా కోపం నా ఒక్కడి మీదనే అయితే కొంత నయం. గనుల రెండో జోరు వచ్చినప్పుడు, కొండలకు కొండలే కరిగి, రోడ్డు పట్టనన్ని లారీలు రేయింబవళ్ళు తిరిగిన ఆ కొన్నేళ్ళలో, నేను రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్నాను. జొన్న చేలల్లో, దిబ్బల్లో, పశువుల కొట్టాల్లో కూడా జనం ఖనిజం కోసం తవ్వుకున్నారు. హద్దులు చూడమని యశ్వంతనగర్ పంపినారు. కొలత గొలుసు పట్టుకొని పోతే మా పాత షెడ్డు పక్కన జేసీబీ ఒకటి తవ్వుతూ ఉంది. గరిడీ గోడలు లేవు. గూట్లోని హనుమంతుణ్ణి బోర్లించిన బకెట్టు ఒకదాని మీద పెట్టినారు. వస్తాదు పోయి చాలాకాలమైంది. పక్కన కొత్త జీపు మీద చెయ్యి పెట్టుకొని ఆయన కొడుకు మల్లేశి నిలబడి ఉన్నాడు.

"ఏందిరా మల్లేశీ ఇది?"

"ల్యాబులో చూపిస్తిమి రంగన్నా. గుంటలో ఉండేదంతా మంచి ఖనిజమంట, మాలు. తవ్వీ తవ్వీ మెత్తగా ఉండాది, పొడి చేసే కర్చు కూడా లేదు."

"మీ నాయన దాని మీద ఒక చాప కప్పనియ్యలేదప్పా."

మల్లేశి నిజంగానే ఆలోచించినాడు. చెడ్డవాడు కాదు. "అప్పుడది మట్టన్నా" అన్నాడు. "ఇప్పుడు మాలు."

లారీ నిండింది. దాని మీద టార్పాలిన్ కప్పి తాడు బిగించినారు. దుమ్ము లేస్తే కేసు రాస్తారని, ఆ తల్లి మీద మొదటిసారి గుడ్డ కప్పినారు. ఇన్నేళ్ళు నూనె, పసుపు, మజ్జిగ తాగిన ఆ మట్టి రేవుకు పోయి, ఓడెక్కి, ఓబులేసు పోలేని దేశాలకు పోయింది. అప్పుడు కూడా నాకు అసలు సంగతి తట్టలేదు. గరిడీ పోయిందే అని బాధపడి, హద్దులు కొలిచి, డైరీ రాసి పడుకున్నాను. ఊరందరి నేలనూ అంగుళం తేడా లేకుండా కొలిచినవాణ్ణి, మా ఇంటి జానెడు అడుగును కొలవలేకపోయినాను. ఈ రోజు ఆ కోచ్ అమ్మాయికి మొదటి నెలలో చెప్పే మాటను ఆ రోజు సారు చెప్పకనే చెప్పినాడు. ఆ కాలంలో ప్రేమకు కొదవ లేదు. వస్తాదుకంటే, నాయనకంటే ఎక్కువ ప్రేమ ఎక్కడ దొరుకుతుంది? కానీ బెంజమిన్ సారును ఒక్కసారి "ఎందుకు సార్?" అని అడిగి ఉంటే చాలు. ఇప్పటి పిల్లలు ప్రతిదానికీ ఎందుకని అడుగుతారని నేను విసుక్కుంటాను. ఇకమీద విసుక్కోను.

చెప్పాలా వద్దా అని వారం తన్నుకులాడినాను. చివరికి డైరీలు సంచిలో వేసుకొని ఓబులేసు ఇంటికి పోయినాను. కోచ్ అమ్మాయి మాటలు చెప్పి, చాపల పేజీ తెరిచి ఇచ్చినాను. కళ్ళద్దాలు పెట్టుకొని నిదానంగా చదివినాడు. ఓదారుస్తాడేమో, పోనీలే అన్నా అంటాడేమో అని నేను ఎదురు చూసినాను. అది కూడా రాస్తున్నాను, దాచిపెట్టను.

"ఎందుకు చెప్పినావన్నా?" అన్నాడు.

"తప్పు నీ కాలిది కాదని తెలియల్ల కదప్పా."

"నలభై ఏండ్లకు పైగా దీన్ని తిట్టుకుంటా బతికినా. ఓడిపోయింది నేను, నా కాలు. మా ఇద్దరి మధ్యా యవ్వారం అది. ఇప్పుడేమంటాండావు? వస్తాదు ఓడగొట్టినాడంటావా? నాయన ఓడగొట్టినాడంటావా? పార పట్టుకొని నా కోసం తవ్వినోళ్ళనా నేను తిట్టుకోవల్ల ఇప్పుడు?"

"నన్ను తిట్టు. సారు చెప్పింది నాకు."

"నిన్ను తిడితే నాకు ఏమొస్తాది?" అని అరిచినాడు. వంటింట్లోనుంచి మరదలు తొంగి చూసింది. "నా ఓటమి ఒకటే నాకు మిగిలింది. అది కూడా తీసుకుంటివి. పో అన్నా. పో ఇంటికి."

వచ్చేసినాను. డైరీల సంచి అక్కడే మరిచిపోయినాను. ఎనిమిది రోజులు ఫోన్ చేయలేదు, చేస్తే ఎత్తలేదు. తొమ్మిదో రోజు పొద్దున ఆటో ఆగిన చప్పుడు. కుంటుకుంటూ మెట్లెక్కి, సంచి నా ముందు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగినాడు. ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"నీ రాత కోడి గీకినట్టుండాది. నాకు చదవను రాలేదు" అన్నాడు. "చదువు. మొదటినుంచీ. ఏదీ వదలొద్దు."

నేను చదవడం మొదలుపెట్టినాను. మైసూరు. రింగులు అద్భుతం. దిగేటప్పుడు ఒక అడుగు. బెంగుళూరు. బార్లు బాగా చేసినాడు. దిగేటప్పుడు ఒక అడుగు. తల వంచుకొని వింటున్నాడు. చేతులు తొడల మీద ఉన్నాయి, వేళ్ళు కొంచెం వంగి, ఏదో పట్టుకున్నట్టు. మూడో పేజీకి వచ్చేసరికి నేను గమనించినాను. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా కుర్చీ కింద అతని కుడిపాదం జానెడు ముందుకు జరుగుతోంది. నేను ఆగినాను. అతనూ కిందికి చూసినాడు. పాదాన్ని వెనక్కి లాక్కున్నాడు, ఎడమపాదం తెచ్చి దానిమీద పెట్టి, తొక్కిపట్టుకున్నాడు.

"చదువన్నా" అన్నాడు.

నేను పేజీ తిప్పినాను.